ఉయ్యాలలో నా రక్తం

ముందే ఒప్పుకుంటాను. నాకొచ్చిన జబ్బులో సగం దేవుడు పెట్టింది. మిగతా సగం నేను బిస్కెట్ల డబ్బాలో దాచిపెట్టుకుంది.

చిలకలగూడలో మాకు చిన్న కార్డుల ప్రెస్సు ఉంది. బారసాల, పెళ్లి, గృహప్రవేశం, పెద్దకర్మ... మనిషి ఉయ్యాల ఎక్కిన రోజు నుంచి ఫొటోగా గోడెక్కి దండ వేయించుకునే రోజు దాకా ప్రతి మజిలీకీ మా దగ్గర కార్డు దొరుకుతుంది. ముప్పై ఏళ్లుగా ప్రూఫులు దిద్దేది నేనే. పరాయివాళ్ల ఇంటిపేరులో దీర్ఘం తప్పిపోతే అన్నం సహించని మనిషిని. ఆ మనిషే తన ఒంట్లో పెరుగుతున్న తప్పును మూడు వారాల పాటు చూస్తూ కూర్చున్నాడు.

ఇక డబ్బా సంగతి. డాక్టరు ఏడు రోజులకు మందు రాస్తే మూడో రోజుకు జ్వరం తగ్గుతుంది. తగ్గాక మింగడం దండగని, మిగిలినవి ఆ డబ్బాలో వేసేవాణ్ణి. మందు పారేయడం అన్నం పారేసినంత పాపమన్నది మా అమ్మ నేర్పిన శాస్త్రం. పోనుపోను మా అపార్టుమెంటులోని మూడంతస్తుల వాళ్లూ తమ ఇళ్లలో మిగిలినవి నాకే తెచ్చి ఇవ్వసాగారు. "మూర్తిగారూ, నాలుగు మిగిలాయి, ఎవరికైనా పనికొస్తాయి, ఉంచండి" అనేవారు. పెళ్లికార్డులు కోయగా మిగిలిన బంగారు అంచు ముక్కల మీద "దగ్గు, ముదిరినది", "కడుపు, జారుడు", "మూత్రం, మంట" అని రాసి ఒక్కో స్ట్రిప్పుకు అంటించేవాణ్ణి. ఎవరికి ఒళ్లు వెచ్చబడినా మా తలుపు తట్టేవారు. "డాక్టరుగారూ" అని ఎవరైనా ఆటపట్టిస్తే, "కార్డుల వాణ్ణి కదండీ, కార్డియాలజిస్టునే" అనేవాణ్ణి. వాళ్లు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. డబ్బాలో ఇంకెవరో కూడా నవ్వుకుంటున్నారని అప్పటికి నాకు తెలియదు.

జ్యేష్ఠం చివర, ఆషాఢం మొదలు

జ్యేష్ఠంలో ఆఖరి ముహూర్తాల హడావిడిలో ఉండగా మూత్రంలో మంట మొదలైంది. డబ్బాలోంచి తెల్ల గోలీలు తీసి రెండు రోజులు వేసుకున్నాను. తగ్గింది, మానేశాను. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఈసారి పసుపువి. మళ్లీ తగ్గింది, మళ్లీ మానేశాను. మూడోసారికి రంగు రంగుల క్యాప్సూళ్లు. జబ్బుతో దాగుడుమూతలు ఆడుతున్నాననుకున్నాను గానీ, కళ్లకు గంతలు నాకే ఉన్నాయని తోచలేదు.

ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు లేవు, ప్రెస్సులో పని లేదు. ఒకనాడు సాయంత్రం నాలుగింటికి కౌంటరు దగ్గర కూర్చుని ఉండగా చలి పుట్టింది. బయట ఎండ కాస్తూనే ఉంది. ఆ చలి బయటినుంచి వచ్చింది కాదు. నా వెన్నెముకలో ఎక్కడో ఒక తలుపుంటే, దాన్ని లోపలినుంచి ఎవరో తెరిచినట్టు అనిపించింది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు, అప్పుడు ఆగి ఉన్న మా పాత అచ్చుయంత్రం తిరిగేటప్పటి చప్పుడులాగే ఉంది. తడి ఇంకు వాసన వేసింది. ఆ రోజు మేం ఏమీ అచ్చేయలేదు.

అప్పుడే మొదటిసారి ఆ కార్డు చూశాను. బల్లమీద, నా చేతుల ముందు, ఒక పెద్దకర్మ కార్డు ప్రూఫు. ప్రూఫు అంటే చేయి ఎర్రపెన్ను కోసం దానంతటదే వెళ్తుంది. చదవడం మొదలుపెట్టాను. మా ఊరి పేరు తప్పు. మా ఆవిడ పేరు తప్పు. ఇన్ని తప్పులు ఎవరు కంపోజు చేశారని విసుక్కుంటూ ఫొటో కింద పేరు చూశాను. అదొక్కటీ సరిగ్గా ఉంది. అది నా పేరు.

చలి తగ్గాక బల్లమీద ఏమీ లేదు.

మా ఆవిడ లలితది శ్రీకాకుళం. ముప్పై ఏళ్లు సికింద్రాబాదులో ఉన్నా కంగారు పడితే ఆ యాసే వస్తుంది. "ఏటండీ ఇలా అయిపోయారు! ఒళ్లు పెనంలా కాలిపోతంది" అంటూ ఆటో పిలిచి, స్టేషనుకు దగ్గర్లో ఉన్న ఒక ఆస్పత్రికి తీసుకెళ్లింది.

ఆస్పత్రి హాల్లో టోకెన్లు పిలిచేదాకా ఇనుప కుర్చీల్లో కూర్చున్నాం. బయట బోనాల డప్పులు మోగుతున్నాయి. వీధిలో అమ్మవారికి బోనం ఎత్తుకెళ్తున్నారు, ఊరికి జబ్బులు రాకుండా చూడమని. లోపల జబ్బులొచ్చిన వాళ్లం ఆ డప్పుకు కాళ్లు తెలియకుండానే ఆడిస్తూ కూర్చున్నాం. పక్క కుర్చీలో ఎవరో ముసలమ్మ నా వణుకు చూసి, తన శాలువా తీసి, ఒక్క మాటా అడక్కుండా నా మీద కప్పింది. ఆమె టోకెన్ పిలిచినప్పుడు శాలువా వదిలేసి వెళ్లిపోయింది. మళ్లీ కనపడలేదు.

పైకి తీసుకెళ్లి మంచం మీద పడుకోబెట్టాక, రక్తం తీయడానికి ల్యాబు నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు స్వరూప. రెండు చేతుల నుంచీ రెండేసి సీసాల్లోకి రక్తం తీస్తూ అడిగింది.

"సార్, నిజం జెప్పుండ్రి. ఇంట్ల ఏమన్న గోలీలు మింగిండ్రా? జెర యాదికి తెచ్చుకోండ్రి."

లలిత పక్కనే ఉంది. డబ్బా మీద ఆవిడకు ఏళ్లుగా కోపం. అవతల డాక్టరుగారు కూడా వింటున్నారు. కార్డియాలజిస్టుకు సిగ్గేసింది.

"లేదమ్మా" అన్నాను. ముప్పై ఏళ్లలో నేను దిద్దకుండా వదిలిన తప్పు అదొక్కటే.

ఆషాఢం, రెండో వారం

వార్డులో నా పక్క మంచం యాదగిరిది. కాప్రాలో టెంట్ హౌస్ నడుపుతాడు. కాలికి పుండై, జ్వరం పట్టి వచ్చాడు. నాది కార్డుల వ్యాపారమని తెలియగానే లేచి కూర్చున్నాడు.

"ఏందన్నా, మన ఇద్దరిదీ ఒకటే దుకానం! మీరు పిలుస్తరు, మేం కూసోబెడ్తం."

"తినేసి తిట్టేది మాత్రం వంటవాణ్ణి" అన్నాను.

"గదీ మాట! ఆషాఢంల ఇద్దరం ఖాళీ. గందుకే దావఖానల పడ్డం" అని మంచం అదిరేలా నవ్వాడు.

అతని భార్య సత్తెమ్మ, లలిత కింద హాల్లో పక్కపక్క కుర్చీల్లో చేరారు. సత్తెమ్మ తెచ్చిన జొన్నరొట్టెలు లలిత తినేది. లలిత ఫ్లాస్కులో టీ సత్తెమ్మ తాగేది. రెండు రోజుల్లో అక్కాచెల్లెళ్లయిపోయారు.

నా రక్తం ఏమైందని స్వరూపను అడిగాను.

"మిషన్ల పెట్టినం సార్. అండ్ల మన ఒంట్ల ఉన్నంత వెచ్చగ ఉంటది. సీసాలను మెల్లగ ఊపుతనే ఉంటది, ఉయ్యాల లెక్క. లోపట పురుగు ఉంటె పెరుగుతది. పెరిగితె మిషన్ మొత్తుకుంటది. ఐదు దినాలు చూస్తం."

ఆ మాట నన్ను వదల్లేదు. కింది అంతస్తులో ఎక్కడో ఒక చీకటి అరలో నా నెత్తురు నాకంటే వెచ్చగా, నాకంటే సుఖంగా ఉయ్యాల ఊగుతోంది. దానికి జోలపాడేవాళ్లు లేరు. అందరూ అది ఎప్పుడు లేచి ఏడుస్తుందా అని చూస్తున్నారు. నేను మంచం మీద కళ్లు మూసుకుంటే మంచం కూడా మెల్లగా ఊగేది. అటొకసారి, ఇటొకసారి.

సీసాలు ఏడవలేదు. మొదటి రోజు లేదు, రెండో రోజు లేదు. సెలైన్లో ఎక్కించే మందుకు జ్వరం లొంగలేదు. "ఏ పురుగో తెలిస్తే ఏ మందో తెలుస్తుంది మూర్తిగారూ. ఇప్పుడు చీకట్లో రాయి విసురుతున్నాం" అన్నారు డాక్టరుగారు. ఆ రాయి ఎవరికి తగులుతోందో నాకు తెలుస్తూనే ఉంది.

చలి మాత్రం రోజూ నాలుగింటికే వచ్చేది. వచ్చేముందు ఇంకు వాసన. ఆ తర్వాత కార్డు. రోజుకొక ప్రూఫు. నిన్న నేను పట్టుకున్న తప్పులు ఇవాళ దిద్ది ఉండేవి. ఊరి పేరు సరైంది. లలిత పేరు సరైంది. ప్రెస్సులో మా మాట ఒకటుంది: తప్పున్నంత వరకూ ప్రూఫు, తప్పు లేకపోతే అచ్చు. తప్పు దొరికినంత కాలం నన్ను అచ్చేయలేరని నాకో వెర్రి నమ్మకం కుదిరింది. చలికి దవడలు బిగుసుకుపోతున్నా అక్షరం అక్షరం వెతికేవాణ్ణి. నేను దిద్దడం వల్లే అది పూర్తవుతోందని మాత్రం ఆలోచించలేదు.

రెండో రోజే లలితతో, "నా కళ్లజోడు పెట్టె తెచ్చిపెట్టు, పేపరు చదువుకుంటాను" అన్నాను. తెచ్చింది. అందులో కళ్లజోడు కింద, గుడ్డ మడతలో, "మూత్రం, మంట" అని బంగారు అంచు చీటీ అంటించిన స్ట్రిప్పులు రెండు నేను ముందే దాచి ఉంచానని పాపం ఆవిడకు తెలియదు. ఆస్పత్రి మందు మీద నాకు అపనమ్మకం లేదు. నా డబ్బా మీద నమ్మకం ఎక్కువ, అంతే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, నర్సు అటు తిరగ్గానే మింగేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం యాదగిరి చూశాడు.

"ఏందన్నా, చాటుంగ మిఠాయి తింటున్నవ్? నాకు సుత ఒకటియ్యి. గీళ్ల మందుకు ఏం తగ్గుతలేదు, జాన్ తీస్తుంది."

ఇచ్చాను. మర్నాడూ ఇచ్చాను. పంచుకుని తినాలని కూడా మా అమ్మ నేర్పిన శాస్త్రమే.

రెండోసారి తీసిన రక్తం కూడా ఊగుతూ నిద్రపోయింది. యాదగిరి సీసాలూ అంతే. స్వరూప నుదురు ముడిపడటం మొదలైంది. "ఇద్దరు గింత వణుకుతున్నరు, సీసాలు సప్పుడు జేస్తలేవు. నా సర్వీసుల గిట్ల చూడలే సార్" అంది. ఆమె మాటల్లో కోపం లేదు. భయం ఉంది.

ఆషాఢం, మూడో వారం, సోమవారం

మధ్యాహ్నం టీ తాగి కాస్త కునుకు తీసి లేచేసరికి యాదగిరి మంచం ఖాళీగా ఉంది. దుప్పటి తీసేశారు. పరుపు మధ్యలో అతని ఒళ్లు చేసిన గుంట ఇంకా పూడలేదు. గోడవైపు తెర ఒక్కటే, గాలి లేకుండానే, మెల్లగా ఊగుతోంది. అటొకసారి, ఇటొకసారి.

"బీపీ పడిపోయింది. పైకి తీసుకెళ్లారు" అంది ఆయమ్మ. పైన అంటే ఐసీయూ. ఆ సమయంలో నాకు వేరేగా వినిపించింది.

గడియారం నాలుగు చూపించింది. ఇంకు వాసన వచ్చింది. కార్డు వచ్చింది. వణుకుతూ చదివాను. ఊరు సరిగ్గా ఉంది. గోత్రం సరిగ్గా ఉంది. లలిత పేరు, మా అన్నయ్య పేరు, భోజనాల సమయం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. అన్నాళ్లూ ఖాళీగా ఉన్న తేదీ దగ్గర తేదీ ఉంది. మళ్లీ మొదటినుంచి చదివాను. మూడోసారి చదివాను. ముప్పై ఏళ్లలో అంత శుభ్రమైన ప్రూఫు నేను చూడలేదు.

తప్పు కార్డులో లేదు. నా కళ్లజోడు పెట్టెలో ఉంది.

మూడోసారి రక్తం తీయడానికి స్వరూప ట్రేతో వచ్చింది. లలిత నా కాళ్లు రుద్దుతోంది. నేను పెట్టె తెరిచి, గుడ్డ మడత విప్పి, స్ట్రిప్పులు ఆమె ట్రేలో పెట్టాను.

"ఇంట్లో మూడు వారాలు మింగానమ్మా. ఇక్కడా రోజూ మింగాను. యాదగిరికీ ఇచ్చాను."

స్వరూప తిట్టలేదు. "ఎన్ని? ఎన్నడు షురూ జేసిండ్రు? యాదగిరన్నకు ఎన్ని?" అని అడిగి చేతిమీద పెన్నుతో రాసుకుని, ట్రే అక్కడే వదిలి మెట్లవైపు పరుగెత్తింది. చెప్పుల చప్పుడు పైకి, పైపైకి వెళ్లి ఆగిపోయింది.

లలిత చేతులు నా కాళ్ల మీద ఆగిపోయాయి.

"ఆ పెట్టి నా సేత్తోనే తెచ్చేను కదండీ" అంది. ఆవిడ అన్నది అంతే. లేచి కిందికి వెళ్లిపోయింది. కింద హాల్లో సత్తెమ్మ ఎదుట నిలబడి, ఆమె పెట్టిన రొట్టెలు తిన్న నోటితోనే, జరిగిందంతా చెప్పిందట. సత్తెమ్మ తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టిందట. ఆ తర్వాత, "నా మొకం ముంగట జెప్పినవ్ గద అక్కా. మా ఆయన తక్కువోడా? అడుక్కొని మింగే రకం. కూసో" అని, పక్క కుర్చీ మీది సంచీ తీసి ఒళ్లో పెట్టుకుందట. నాకు ఈ జబ్బులో దొరికిన దయల్లో పెద్దది అదే. అది నాకు ఎదురుగా దొరకలేదు, నా వెనకాల దొరికింది.

స్వరూప తిరిగొచ్చాక అప్పుడు తిట్టింది.

"పెండ్లికార్డుల ముహూర్తం తప్పు కొడ్తె ఊరుకుంటరా సార్? నా సీసాకే తప్పుడు ముహూర్తం ఇచ్చిండ్రు! మీ గోలీలకు పురుగును సంపే దమ్ము లేదు, పండబెట్టే దమ్ముంది. పండుకున్నదాన్ని నేనెట్ల పట్టాలె?"

గోలీలు ఆపేశారు. మర్నాడంతా ఆగి, సెలైన్లోకి తర్వాతి మందు ఎక్కించడానికి సరిగ్గా ముందు, మళ్లీ రక్తం తీశారు. ఈసారి సీసాలు వేరే రకం. మిగిలిపోయిన మందును పీల్చేసే గుళికలు వాటి అడుగున ఉంటాయట. పైన యాదగిరికీ అలాగే తీశారు.

ఆ తర్వాతి పొద్దున స్వరూప గుమ్మంలోంచే అరిచింది. "లేచింది సార్! ఉయ్యాల్ల లేచింది! ఇరవై గంటలు గూడ కాలే!"

వార్డంతా చప్పట్లు కొట్టేలా ఉంది ఆ కేక. నా రక్తంలో పురుగు పెరిగిందన్న వార్తకు నేను కళ్లనీళ్లు పెట్టుకుని దణ్ణం పెట్టాను. ఆలోచిస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆమె నా చేయి పట్టుకుని చెబుతున్నప్పుడు, కిందినుంచి మిషను సన్నగా ఏడవడం నాకు వినిపించింది. మూడంతస్తుల కింద, మూసిన గదిలో మోగేది వినిపించదని తర్వాత చెప్పారు. నేను వాదించలేదు.

ఆషాఢం చివర

పుట్టినదానికి పేరు పెట్టడానికి ఇంకో రోజు పట్టింది. బారసాలకు ఎన్నో కార్డులు అచ్చేశాను గానీ, ఒక బారసాల కోసం అంత భయపడుతూ ఎదురుచూడటం అదే మొదలు. పేరు క్లెబ్సియెల్లా. వినగానే ఎక్కడో పెళ్లికూతురి పేరులా ఉందనుకున్నాను. నా ఒంట్లో కాపురానికొచ్చింది కాబట్టి పూర్తిగా తప్పు కూడా కాదు. యాదగిరిది వేరే పురుగు, వేరే పేరు. రెండూ మామూలు మందులకు లొంగనివే.

ఏ మందుకు లొంగుతుందో తేల్చడానికి మరో రోజు. తేలింది. మందు మార్చారు. ఆ సాయంత్రం కార్డు వచ్చింది, తేదీ మాసిపోయి ఉంది. మర్నాడు పేర్లు మాసిపోయాయి. మూడోనాడు తెల్ల అట్ట ఒక్కటే వచ్చింది, చుట్టూ నల్ల గీత. నాలుగోనాడు నాలుగింటికి నేను బల్లమీద చూపు నిలిపి కూర్చున్నాను. టీ వచ్చింది.

యాదగిరి పైనుంచి దిగాడు. మంచం మీదికి చేర్చాక చూశాను, మనిషిలో సగం లేడు. అతన్ని బతికించిన గట్టి మందు అతని ఎడమ చెవి వినికిడిని తీసుకుపోయింది. "తప్పు నాది యాదగిరీ" అన్నాను.

"ఆఁ?" అన్నాడు.

మళ్లీ గట్టిగా అన్నాను. వార్డంతా విన్నది.

"ఇనబడ్డది అన్నా, ఊకెనె ఇంకోసారి అనిపిచ్చిన" అని కన్నుగీటాడు. ఇప్పుడు అతని ఎడమవైపు కూర్చుంటే నా చమత్కారాలన్నీ రెండేసిసార్లు చెప్పాలి. రెండోసారికి ఏ చమత్కారమూ నిలబడదు. అంతకంటే తగిన శిక్ష నాకు ఎవరూ వేయలేరు.

ఇంటికి పంపే రోజు స్వరూప నన్ను ల్యాబు అద్దం దాకా నడిపించింది. అవతల బల్లమీద ఒక గుండ్రటి గాజు పళ్లెం చూపించింది. అందులో గంజి గడ్డకట్టినట్టు పలచటి పొర. దానిమీద తెల్లటి బిళ్లలు గుండ్రంగా పేర్చి ఉన్నాయి.

"గా పొర మీ పురుగే సార్. ఒక్కో బిళ్ల ఒక్కో మందు. మందు పని జేస్తె సుట్టూ ఖాళీ రౌండు పడ్తది."

ఒక్కో మందు పేరు చదివి చెప్పింది. ఒక్కో పేరుకీ నా డబ్బాలో ఒక చీటీ గుర్తొచ్చింది. తెల్ల గోలీల మందు బిళ్లను పొర పూర్తిగా కప్పేసింది. పసుపుదాన్నీ అంతే. కళ్లజోడు పెట్టెలోని మందు చుట్టూ మసక మసకగా ఒక వలయం ఉంది, దాక్కోవడానికి సరిపోయేంత. నల్లగా, శుభ్రంగా ఖాళీ అయింది ఒకే ఒక్క బిళ్ల చుట్టూ. ఆ వలయం చూస్తూ నిలబడ్డాను. నేను బతికి ఉన్నది అంత జాగాలోనే.

"ఇప్పుడు చచ్చిందిగా?" అని అడిగాను.

"మీ ఒంట్ల సచ్చింది సార్. గిదైతె చావది. గిసుంటి మొండివాటిని మేం పారెయ్యం. మైనస్ ఎనభై ఫ్రీజర్ల దాసిపెడ్తం. కొత్త మందులొస్తె దీనిమీదనే పరీక్ష."

బతికే ఉంది. సికింద్రాబాదులో ఒక అరలో, మంచులో, నా లోపల పుట్టిపెరిగింది నిద్రపోతోంది. ఎప్పుడు లేపితే అప్పుడు లేస్తుంది.

శ్రావణం

శ్రావణంలో ముహూర్తాలు వచ్చాయి, ప్రెస్సు తెరిచాను. డబ్బాలో ఉన్నదంతా సంచిలో పోసి, ఆస్పత్రిలో పాత మందులు తీసుకునే చోట ఇచ్చి వచ్చాను. ఖాళీ డబ్బాలో లలిత పోపుగింజలు పోసింది. మూడో అంతస్తు ఆయన దగ్గుతూ వచ్చి, "మూర్తిగారూ, మీ దగ్గర ఆ ఘాటుదేమైనా..." అంటే, "ఆవాలున్నాయండీ" అన్నాను. ఆ తర్వాత కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. ఇది చదివే మీ ఇంట్లోనూ అలాంటి డబ్బా ఉంటే, మీకూ చెప్పినట్టే. మింగి ఉంటే రక్తం తీసేవాళ్లకు ముందే చెప్పండి. సిగ్గు ఒక్క నిమిషమే ఉంటుంది.

ఒక శుక్రవారం, పెళ్లికార్డుల పని అయ్యాక, తెల్ల అట్ట తీసుకుని చుట్టూ నల్ల గీత వేయించాను. ఒకే ఒక్క పెద్దకర్మ కార్డు. పేరు, క్లెబ్సియెల్లా. స్వస్థలం, మూర్తి మూత్రపిండాలు. "ఇట్లు, దుఃఖతప్త బంధువులు" అన్నచోట డబ్బాలోని మందుల పేర్లన్నీ వరసగా, పెద్దల నుంచి పిన్నల దాకా వేశాను. ప్రూఫు నాలుగుసార్లు చూశాను. ఒక్క తప్పు లేదు.

తీసుకెళ్లి స్వరూపకు ఇచ్చాను. చదివి పకపకా నవ్వింది. "అది సావలేదన్న గద సార్, కార్డెట్ల కొట్టిస్తరు?"

"నేను చచ్చానా? అయినా అది నాకు నా కార్డు చూపించలేదూ?" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. నేను ఆ నాలుగింటి కార్డు సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అయినా తీసుకెళ్లి ఫ్రీజరు తలుపుకు, సరిగ్గా దాని అర ఉన్నచోట, టేపుతో అంటించింది. తేదీ ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ వదిలాను. అది కూడా నాలాగే రోజూ చదువుకుంటూ ఉండమని.